వెలుగుతో కొలిచే కొలువులు మనకెందుకు వద్దు?

ముత్తుకూరు చుట్టుపక్కల అన్నీ పెద్ద లెక్కలే. కృష్ణపట్నం పోర్టులో సరుకు టన్నుల్లో మాట్లాడతారు. నేలటూరు థర్మల్‌లో ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. రొయ్యల చెరువులు ఎకరాల్లో. ఇప్పుడు వీటికి తోడు కృష్ణపట్నం పారిశ్రామిక నగరం. చెన్నై-బెంగళూరు కారిడార్‌లో భాగంగా 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ దీనికి ఆమోదం తెలిపింది, 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఈ వార్త చదివినప్పుడల్లా డిగ్రీ, డిప్లొమా, బీటెక్ చదువుతున్న మీ అందరికీ వచ్చే ప్రశ్న ఒకటే: ఇందులో మాకేముంది?

ఆ ప్రశ్నకు నేనిచ్చే జవాబు కొంచెం విచిత్రంగా అనిపించొచ్చు. మీరు మిల్లీమీటరులో వెయ్యో వంతు గురించి ఆలోచించడం మొదలుపెట్టండి.

పరిశ్రమలు వచ్చిన ప్రతి చోటా జరిగేది చూశాం. గేటు దగ్గర సెక్యూరిటీ, లోడింగ్, డ్రైవింగ్, క్యాంటీన్ పనులు ఊరివాళ్లకు వస్తాయి. లోపల ఏసీ గదిలో తెల్ల కోటు వేసుకుని, వచ్చిన ప్రతి భాగాన్నీ కొలిచి ‘పాస్’ అనో ‘రిజెక్ట్’ అనో రాసే మనిషి మాత్రం చెన్నై నుంచో, కోయంబత్తూరు నుంచో, పుణె నుంచో వస్తాడు. భూములిచ్చింది మనవాళ్లు, ఆ గదిలో కూర్చున్నది ఇంకెవరో అని తర్వాత బాధపడటం కన్నా ఆ గదిలో ఏం జరుగుతుందో ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. అక్కడ జరిగే పనికి పునాది మీ డిగ్రీ ఫిజిక్స్ ల్యాబ్‌లోనే ఉంది. దాని పేరు ఇంటర్‌ఫెరోమీటర్. తెలుగు అకాడమీ పుస్తకాల భాషలో వ్యతికరణ మాపకం.

పేరు వినగానే ‘ఓస్, మైకెల్సన్ ప్రయోగమా, రికార్డులో రాశాం కదా’ అంటారు. రాశారు. సీనియర్ రికార్డు చూసి తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చేలా రీడింగులు కూడా సర్దేశారు. చాలా కాలేజీల్లో ఆ పరికరం బీరువాలో ఉంటుంది. అద్దం పాడవుతుందని తాళం వేసి ఉంచుతారు. ప్రాక్టికల్స్ పరీక్ష రోజు బయటికి తీసి, ఎక్స్‌టర్నల్ గారికి చూపించి మళ్లీ లోపల పెడతారు. అది ఒక ఉద్యోగం అని ఆ మూడేళ్లలో మీకు ఎవరూ చెప్పరు. నా ఫిర్యాదు అదే.

నేలటూరు నుంచే మొదలుపెడదాం. అక్కడి టర్బైన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ వేగం తప్పదు. అంత బరువైన రోటార్ల వరుస సరిగా ఒకే గీతలో లేకపోతే బేరింగులు వేడెక్కుతాయి, మొత్తం యూనిట్ ఆపాలి. అందుకే ఫిట్టర్లు డయల్ గేజ్ పెట్టి మిల్లీమీటరులో వందో వంతుల్లో సర్దుతారు. ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ డయల్ గేజ్ నిజం చెబుతోందని ఎవరు చెప్పారు? దాన్ని స్లిప్ గేజీలతో సరిచూస్తారు. స్లిప్ గేజ్ నిజమని ఎవరు చెప్పారు? అంతకన్నా మంచి స్లిప్ గేజ్ ఉన్న ల్యాబ్. ఆ ల్యాబ్‌కు ఎవరు చెప్పారు? ఇలా పైకి పోతూ పోతూ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా వెళ్తాం. దేశం మొత్తానికి మీటరు అంటే ఇంత అని చెప్పే చోటు అది. అక్కడ స్లిప్ గేజ్‌ని ఇంకో ఉక్కు ముక్కతో పోల్చరు, లేజర్ వెలుగుతో కొలుస్తారు. అంటే ఇంటర్‌ఫెరోమీటర్‌తో.

ఈ మెట్ల వరుసను ట్రేసబిలిటీ అంటారు. అంగట్లో తూకం రాళ్ల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర చూస్తారు కదా, అదే సంగతి. తూకానికి ముద్ర ఎంత ముఖ్యమో, పొడవుకూ అంతే. ఒక్కో మెట్టు మీదా ఒక ల్యాబ్, కొందరు ఉద్యోగులు, ఒక సర్టిఫికెట్. ఆ మెట్లలో ఏదో ఒకదాని మీద మీరు నిలబడొచ్చు.

మన పాత కొలతలు చూడండి. బెత్తెడు, జాన, మూర, బార. అన్నీ ఒంటి కొలతలే. పూలమ్మే అవ్వ మూర, కొనే అమ్మాయి మూర ఒకటి కావు, అందుకే బేరం. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దేశ సర్వేకు మొదటి బేస్‌లైన్ కొలిచినప్పుడు ఆయన చేతిలో ఉన్నది నూరడుగుల ఉక్కు గొలుసు. సుమారు ఏడున్నర మైళ్లు. ఆయనకు అసలు శత్రువు దూరం కాదు, ఎండ. గొలుసు వేడెక్కితే సాగుతుంది. అందుకని చెక్క పెట్టెల్లో గొలుసు పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, వేడికి తగ్గట్టు లెక్క సరిచేశాడు. రెండు శతాబ్దాలు దాటినా మన కోస్తాలో కొలిచేవాడికి తలనొప్పి అదే. కాసేపట్లో దానికే వస్తాను.

1889లో మీటరంటే ప్యారిస్ దగ్గర దాచిన ప్లాటినం-ఇరిడియం కడ్డీ మీద రెండు గీతల మధ్య దూరం. మైకెల్సన్ 1892-93లో అక్కడికే వెళ్లి, ఆ మీటరులో కాడ్మియం ఎర్ర వెలుగు అలలు 15,53,163.5 పడతాయని లెక్కపెట్టాడు. 1960లో కడ్డీని పక్కనపెట్టి క్రిప్టాన్-86 వెలుగు అలల లెక్కనే మీటరు నిర్వచనంగా తీసుకున్నారు. 1983 నుంచి వెలుగు సెకనులో 29,97,92,458వ వంతు సమయంలో శూన్యంలో ప్రయాణించే దూరమే మీటరు. కడ్డీని దొంగిలించవచ్చు, వంచవచ్చు. వెలుగును ఏమీ చేయలేం. మంచి లేజర్, మంచి ఇంటర్‌ఫెరోమీటర్ ఉన్న ప్రతి ల్యాబ్‌లోనూ ఇప్పుడు మీటరు ఉన్నట్టే.

ఇక పరికరం లోపలికి. లేజర్ కిరణం ఒకటి సగం పారదర్శకమైన అద్దం మీద పడి రెండుగా చీలుతుంది. ఒకటి కదలని అద్దానికి, ఇంకోటి కదిలే అద్దానికి వెళ్లి తిరిగొస్తాయి. రెండూ కలిసిన చోట అలలు ఒకదానికొకటి తోడైతే వెలుగు, ఎదురైతే చీకటి. కదిలే అద్దం సగం తరంగదైర్ఘ్యం జరిగితే వెలుగు-చీకటి జత ఒకటి దాటుతుంది. హీలియం-నియాన్ లేజర్‌కు తరంగదైర్ఘ్యం 633 నానోమీటర్లు, కాబట్టి ఒక్కో జత 316 నానోమీటర్లు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, ఆ మందంలో 220 జతలు లెక్కపెట్టొచ్చు. మీ పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగుతుంది. ఇంజినీరు పని ఇక్కడే మొదలవుతుంది.

మొదటి చిక్కు: అద్దం కదిలేటప్పుడు పిసరంత వంగినా తిరిగొచ్చే కిరణం పక్కకు పోతుంది, పట్టీలు మాయం. అందుకే పారిశ్రామిక ఇంటర్‌ఫెరోమీటర్లలో మామూలు అద్దానికి బదులు మూడు అద్దాలు గది మూలలా కలిసిన కార్నర్ క్యూబ్ వాడతారు. ఏ కోణంలో వచ్చిన కిరణాన్నైనా వచ్చిన దిక్కుకే తిప్పి పంపడం దాని గుణం. సైకిల్ వెనక ఎర్రగా మెరిసే రిఫ్లెక్టర్‌లో ఉన్నవి ఇవే బుల్లి మూలలు. 1969లో అపోలో-11 వాళ్లు చంద్రుడి మీద పెట్టి వచ్చిందీ ఇదే రకం.

రెండో చిక్కు: పట్టీ దాటింది సరే, అద్దం ముందుకు వెళ్లిందా వెనక్కి వచ్చిందా? ఒక్క డిటెక్టర్‌కు తెలియదు. పావు పట్టీ తేడాతో రెండు డిటెక్టర్లు పెడితే, ఏది ముందు మెరిసిందో చూసి దిక్కు చెప్పొచ్చు. లేదా కొంచెం తేడా ఉన్న రెండు పౌనఃపున్యాల వెలుగు వాడే పద్ధతి ఉంది. ఇది ఎలక్ట్రానిక్స్ పిల్లల పని. ఫిజిక్స్ వాళ్ల సొత్తు అనుకోకండి.

మూడోది నాకు బాగా ఇష్టం. ఇంటర్‌లో వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజ్ రెండూ వాడారు. స్క్రూగేజ్ ఎందుకు ఎక్కువ నమ్మకం అని అడిగితే కనీసపు కొలత తక్కువ అంటారు. అది సగం జవాబు. వెర్నియర్‌లో వస్తువు ఒక గీత మీద, స్కేలు దానికి పక్కన ఇంకో గీత మీద ఉంటాయి. దవడ కొంచెం వంగితే ఆ పక్క దూరమంతా తప్పుగా మారుతుంది. స్క్రూగేజ్‌లో రెండూ ఒకే గీత మీద ఉంటాయి. ఎర్నెస్ట్ అబ్బే 1890లో చెప్పిన సూత్రం ఇది. లేజర్‌కూ ఇదే వర్తిస్తుంది. కొలవాల్సిన గీతకు కిరణం 100 మిల్లీమీటర్ల పక్కన పోతుంటే, బండి ఒక్క ఆర్క్‌సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు, వంగినా దాదాపు అర మైక్రాన్ తప్పు. ఒకటిన్నర పట్టీ. లేజర్ ఎంత ఖరీదుదైనా ఈ తప్పును పట్టుకోలేదు. కిరణాన్ని ఎక్కడ పెట్టాలో ఆలోచించిన మనిషే పట్టుకోవాలి.

కిరణం, కదలిక ఒకే దిక్కులో లేకపోయినా తప్పే. మీటరుకు ఒక మిల్లీమీటరు వంకర ఉంటే మీటరుకు అర మైక్రాన్ తక్కువ చూపిస్తుంది. ఇది అంత భయపెట్టేది కాదు, ఓపిగ్గా సర్దితే పోతుంది. అలాగే సున్నా స్థానం దగ్గర రెండు చేతుల పొడవుల మధ్య అనవసరమైన ఖాళీ ఉంటే, అక్కడి గాలి మారినప్పుడు సున్నా కదులుతుంది. పరికరాన్ని కొలత మొదలయ్యే చోటికి దగ్గరగా పెట్టుకోవడం దానికి మందు.

ఇప్పుడు అసలు విలన్ దగ్గరికి. మీటరు నిర్వచనం శూన్యంలో వెలుగుకు. మనం కొలిచేది గాలిలో. గాలి వేడి, పీడనం, తేమ మారితే వెలుగు తరంగదైర్ఘ్యం మారుతుంది. ఒక డిగ్రీ వేడికి పది లక్షల్లో దాదాపు ఒక వంతు, అంటే మీటరుకు ఒక మైక్రాన్. ఒక హెక్టోపాస్కల్ పీడనానికి మీటరుకు 0.27 మైక్రాన్. తేమ ప్రభావం వీటికన్నా తక్కువ, కానీ లేకపోలేదు. నెల్లూరు తీరానికి తుఫాను వచ్చి పీడనం 20 హెక్టోపాస్కల్స్ పడిందనుకోండి. ఆ రోజు గాలిని పట్టించుకోని ఇంటర్‌ఫెరోమీటర్ మీటరుకు ఐదు మైక్రాన్లకు పైగా తప్పు చెబుతుంది. వాతావరణ శాఖ హెచ్చరిక మత్స్యకారులకు ఎంత అవసరమో, కొలతల గదిలో బారోమీటర్ అంత అవసరం. 1966లో ఎడ్లెన్, 1996లో సిడోర్ ఇచ్చిన సూత్రాలు వాడి యంత్రం ఈ సవరణ తనే చేసుకుంటుంది. అయితే సెన్సర్ సరైన చోట ఉంటేనే. ఏసీ గాలి తగిలేచోట సెన్సర్ పెట్టి, కిటికీ పక్కన కొలిస్తే అది సవరణ కాదు.

గాలి సంగతి అలా ఉంటే, కొలిచే వస్తువు సంగతి ఇంకా ఘోరం. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. పొడవు అంటే 20 డిగ్రీల దగ్గర పొడవు అని ప్రపంచమంతా ఒప్పుకుంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ఇచ్చిన నంబరు 1 ప్రమాణం ఈ విషయం మీదే. ముత్తుకూరులో మే నెల మధ్యాహ్నం షెడ్డులో 40 డిగ్రీలు ఉంటే, మీటరు ఉక్కు కడ్డీ అప్పటికే 230 మైక్రాన్లు సాగి ఉంటుంది. మూడు వెంట్రుకల మందం, 727 పట్టీలు. లాంబ్టన్ గొలుసు గుర్తొచ్చిందా?

ఇక్కడే ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఇంటర్వ్యూలో మిమ్మల్ని వేరుగా నిలబెట్టేది ఇదే. గాలి ఉష్ణోగ్రత మీకు అర డిగ్రీ అటూ ఇటూగా తెలుసు, దానివల్ల మీటరుకు 0.5 మైక్రాన్. పీడనం ఒక హెక్టోపాస్కల్ దాకా తెలుసు, 0.27. కిరణం వంకర 0.5. ఉక్కు ఉష్ణోగ్రత కూడా అర డిగ్రీ దాకానే తెలుసు, దానివల్ల 5.75. వీటిని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే 5.8 వస్తుంది. ఒక్కసారి చూడండి. మొత్తం సందేహమంతా ఉక్కుకు అంటించిన థర్మామీటర్‌దే. మిగిలినవన్నీ కలిపినా లెక్కలో పెద్దగా కనబడవు. లక్షలు పోసి ఇంకా మంచి లేజర్ కొన్నా ఫలితం మారదు. మంచి థర్మామీటర్ కొని, వస్తువును రాత్రంతా గదిలో ఉంచి, ఉదయాన్నే కొలిస్తే మారుతుంది. ఇలాంటి పట్టికను అన్‌సర్టెనిటీ బడ్జెట్ అంటారు. ఏ క్యాలిబ్రేషన్ ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు కావాలన్నా ఐఎస్‌ఓ 17025 ప్రకారం ఇది వేసి చూపించాలి. ల్యాబ్‌లో రీడింగు తీసేవాళ్లు చాలామంది ఉంటారు. ఈ పట్టిక సొంతంగా వేయగలిగేవాళ్లకే గిరాకీ.

మీరు అనొచ్చు, ఇదంతా చదవడానికి బాగుంది, మాకు పరికరం ఎక్కడిది అని. న్యాయమే. కానీ ఒకటి మీరే కట్టొచ్చు. చిన్న లేజర్ మాడ్యూల్, బీమ్ స్ప్లిటర్ గాజు, ముందు వైపునే పూత ఉన్న రెండు అద్దాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇంట్లో వాడే అద్దం పనికిరాదు, దానికి పూత వెనక ఉంటుంది. గ్రానైట్ పలక ఒకటి కావాలి. కొలతల యంత్రాల బల్లలు గ్రానైట్‌తోనే చేస్తారు, మనకు పక్క జిల్లా చీమకుర్తి ఉండగా పలకలకు కరువేముంది? దాన్ని గాలి కొంచెం తక్కువగా నింపిన స్కూటర్ ట్యూబు మీద పెట్టండి. లారీలు పోయే రోడ్డు పక్క ఇల్లయితే రాత్రి పదకొండు తర్వాత కూర్చోండి, లేదంటే పట్టీలు నిలబడవు. రెండు చేతుల పొడవు దాదాపు సమానంగా ఉంచండి. లేజర్‌లోకి మాత్రం ఎప్పుడూ నేరుగా చూడొద్దు, తిరిగొచ్చే కిరణంలోకీ చూడొద్దు. గోడ మీదే చూడాలి.

పట్టీలు కనబడ్డాక కిరణం కింద అరచేయి పెట్టండి. మీ చేతి వేడికే అవి ఊగుతాయి. ఇందాక చెప్పిన గాలి సవరణ అప్పుడు అర్థమవుతుంది. తర్వాత కదిలే అద్దాన్ని పది సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీ చివర అతికించి, కడ్డీని మెల్లగా వేడి చేయండి. ఒక్కో డిగ్రీకి ఏడుకు పైగా పట్టీలు దాటాలి. మీకు ఐదే వస్తే ఎందుకు? పది వస్తే ఎందుకు? థర్మామీటర్ కడ్డీకి సరిగా తగిలిందా? కడ్డీ కింది బల్ల కూడా వేడెక్కిందా? ఈ వెతుకులాటే ప్రాజెక్టు. సరైన జవాబు రాకపోయినా రాసి పెట్టుకోండి. హైదరాబాద్ అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టు రిపోర్టు కన్నా, తప్పు ఎక్కడుందో సొంతంగా వెతికిన నాలుగు పేజీలకు ఎదుటివాళ్లు ఎక్కువ మర్యాద ఇస్తారు.

పని ఎక్కడ దొరుకుతుంది? సీఎన్‌సీ యంత్రాలు, కోఆర్డినేట్ మెజరింగ్ యంత్రాలు ఉన్న చోటల్లా ఎప్పటికప్పుడు లేజర్ ఇంటర్‌ఫెరోమీటర్‌తో సరిచూడాల్సిందే. చెన్నై అంబత్తూరు, హోసూరు, బెంగళూరు పీణ్య, హైదరాబాద్ బాలానగర్ వైపు ఈ పని ఎక్కువ. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ డిప్లొమా వాళ్లు కనుక్కోవాల్సిన చోటు. బెంగళూరులో సెంట్రల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కొలవడమే కాదు, దారి చూపే పరికరాల్లోని రింగ్ లేజర్ గైరో, ఫైబర్ ఆప్టిక్ గైరో కూడా ఈ వ్యతికరణం కుటుంబానివే. హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ క్షిపణుల నావిగేషన్ పనికి పేరున్న చోటు. ఇస్రో ఆప్టిక్స్ పనికి బెంగళూరులో ప్రత్యేకంగా ఒక ప్రయోగశాల నడుపుతోంది. శ్రీహరికోట మనకు పక్కనే ఉందని గర్వపడతాం కదా, రాకెట్ చూడటానికి వెళ్లేవాళ్లలో ఎంతమంది అక్కడి టెక్నీషియన్ నోటిఫికేషన్ చదివారు?

ఈ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దన్న లైగో. నాలుగు కిలోమీటర్ల చేతులున్న మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ అది. 2015 సెప్టెంబరు 14న రెండు కృష్ణబిలాలు ఢీకొన్న గురుత్వ తరంగాన్ని పట్టుకుంది. ప్రోటాన్ వ్యాసంలో దాదాపు వెయ్యో వంతు కదలికను చూడగలదు. అలాంటిది మన దేశంలోనూ కడుతున్నారు, మహారాష్ట్ర హింగోలి జిల్లా ఔంధా నాగనాథ్ దగ్గర. తెలంగాణకు ఆనుకుని ఉన్న నాందేడ్‌కు అది పక్క జిల్లా. 2023 ఏప్రిల్‌లో కేంద్రం 2600 కోట్ల రూపాయలతో ఆమోదం ఇచ్చింది. ఇందోర్‌లోని రాజా రామన్న కేంద్రం, పుణె అయూకా, గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థ కలిసి చేస్తున్న పని. అక్కడ కావాల్సింది ఖగోళ శాస్త్రవేత్తలు మాత్రమే అనుకుంటే పొరపాటు. వాక్యూమ్ గొట్టాలు వెల్డింగ్ చేసేవాళ్లు, కంపనాలు అణిచే వేదికలు డిజైన్ చేసేవాళ్లు, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు అందరూ కావాలి.

నచ్చని మాట కూడా చెప్పాలి. ఈ రంగంలో ఉద్యోగాల సంఖ్య సాఫ్ట్‌వేర్‌తో, సచివాలయం నోటిఫికేషన్లతో పోల్చితే చిన్నది. క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో చేరినప్పుడు వచ్చే మొదటి జీతం చూసి ఇంట్లోవాళ్లు మొహం చిన్నబుచ్చుకోవచ్చు. ఊరు వదలాలి. పరికరం పెట్టె మోసుకుని ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకి తిరగాలి. రాత్రి షిఫ్టులో యంత్రం ఖాళీ అయినప్పుడే కొలవనిస్తారు. నెల్లూరులో కోచింగ్ సెంటర్ బోర్డుల మీద ఈ ఉద్యోగం ఫొటో ఎప్పుడూ కనబడదు. అయినా నేను దీని వైపే మాట్లాడుతున్నానంటే, కారణం ఒకటే. వేలమంది వెళ్లే దారిలో మీ ఊరి పేరు, మీ కాలేజీ పేరు చూసి పక్కన పెడతారు. ఇక్కడ పోటీకి వచ్చేవాళ్లే తక్కువ, వచ్చినవాళ్లలో బడ్జెట్ పట్టిక వేయగలిగేవాళ్లు ఇంకా తక్కువ. ఐదేళ్ల అనుభవం తర్వాత మీ సంతకం లేనిదే సర్టిఫికెట్ బయటకు పోదు. కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు దాన్ని మానక్కర్లేదు కూడా. పట్టీల సిగ్నల్ లెక్కపెట్టడానికి పైథాన్, సి రెండూ పనికొస్తాయి.

పెద్దవాళ్లకూ ఒక మాట. కృష్ణపట్నం పరిశ్రమలకు రోడ్లు, నీళ్లు, కరెంటు ఇస్తామంటున్నారు. కొలతలు ఎక్కడ సరిచూసుకుంటారు? ప్రతి గేజ్‌నీ చెన్నై పంపి, వారం తర్వాత తెప్పించుకోవడమేనా? నెల్లూరు, ముత్తుకూరు పరిసరాల్లో ఒక ఉమ్మడి క్యాలిబ్రేషన్ కేంద్రం పెడితే పరిశ్రమకు పని జరుగుతుంది, చుట్టుపక్కల పాలిటెక్నిక్, డిగ్రీ పిల్లలకు అప్రెంటిస్‌షిప్ దొరుకుతుంది. ముత్తుకూరులో మత్స్య కళాశాల వచ్చింది ఇక్కడ చేపలు, రొయ్యలు ఉన్నాయనే కదా. పోర్టు, టర్బైన్లు, రాబోయే ఫ్యాక్టరీలు ఉన్న చోటికి కొలతల కేంద్రం రావాలని అడగడంలో అత్యాశ ఏమీ లేదు. అంతదాకా ఆగక్కర్లేదు కూడా. నాలుగు కాలేజీలు కలిసి ఒక గదికి మందపాటి గోడలు, మంచి ఏసీ పెట్టి 20 డిగ్రీల దగ్గర నిలబెట్టినా సగం ల్యాబ్ వచ్చినట్టే. ఉప్పుగాలి ఉన్న చోట స్లిప్ గేజీలు వేలిముద్ర పడితే తుప్పు పడతాయి, తుడిచి పెట్రోలియం జెల్లీ రాసి పెట్టాలి. ఆ అలవాటు నేర్పడానికి నిధులు కూడా అక్కర్లేదు.

దారుల విషయానికొస్తే, ఐటీఐ, డిప్లొమా వాళ్లు కొలతల పరికరాల మీద అప్రెంటిస్‌షిప్ వెతకండి, ఇస్రో, డీఆర్‌డీఓ టెక్నీషియన్ ప్రకటనలు వదలొద్దు. బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లు ఐఐటీ జామ్ రాయొచ్చు. ఎమ్మెస్సీ తర్వాత ఐఐటీ ఢిల్లీలో ఆప్టిక్స్ చదువు, కొచ్చిన్ యూనివర్సిటీ వారి ఫోటోనిక్స్ స్కూల్ చూడదగ్గవి. అణుశక్తి విభాగంలో చేరాలనుకునేవాళ్లకు బార్క్ శిక్షణ పాఠశాల ఉంది. బీటెక్ వాళ్లకు ఒక సంగతి: గేట్ ఇన్‌స్ట్రుమెంటేషన్ పేపర్ సిలబస్‌లో ఇంటర్‌ఫెరోమీటర్ పేరుతో సహా ఉంది, మెకానికల్ పేపర్లో మెట్రాలజీ కింద ఇంటర్‌ఫెరోమెట్రీ ఉంది. మార్కులు తక్కువని చాలామంది ఆ అధ్యాయం దాటేస్తారు. మీరు దాటేయకండి. పైన వేసిన లెక్కను ఉక్కు బదులు అల్యూమినియం పెట్టి ఒకసారి మళ్లీ వేయండి. అది డిగ్రీకి మీటరుకు దాదాపు 23 మైక్రాన్లు పెరుగుతుంది. థర్మామీటర్ ఎంత మంచిదైతే మొత్తం రెండు మైక్రాన్ల లోపు వస్తుందో కనుక్కోండి.